బాపు పెద్దవి చేసేవాడు, నేను చిన్నవి చేస్తున్నాను

"టబ్బు తక్కువ నిండితే పైసలు కోస్తుండిరి బిడ్డా. ఎక్కువ నిండిందని వాపస్ పంపుడు నేనైతే యాడ సూడలే."

ఈ మాటన్న పెద్దయ్య ఒకప్పటి కోల్‌ఫిల్లర్. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు టబ్బులు నింపిన మనిషి. పింఛను పని మీద మనవడిని వెంటబెట్టుకుని బెల్లంపల్లి బజార్లో ఉన్న నా ఆన్‌లైన్ సెంటర్‌కు వచ్చాడు. మనవడు ఇంటి గోడ ముందు నిలబెట్టి ఫోన్‌తో ఫోటో తీశాడు. నిజం చెప్పాలంటే మంచి ఫోటో. కనుబొమ్మల్లో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. కానీ దరఖాస్తులో ఎక్కించగానే ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఫోటో ఆరు ఎంబీ ఉంది, యాభై కేబీ దాటితే తీసుకోరు. "ఏమైందే?" అని అడిగితే "ఫోటో బరువు ఎక్కువైంది పెద్దయ్యా" అన్నాను. దానికి ఆయన జవాబు అది.

ఆరు ఎంబీని యాభై కేబీ చేయడమంటే నూట ఇరవై వంతుల్లో ఒక వంతు మిగల్చడం. నాకు అర నిమిషం పని. ముప్పై రూపాయలు తీసుకుంటాను. ఆ రోజు తీసుకోలేదు, అది వేరే సంగతి. నా రోజు సంపాదనలో చెప్పుకోదగ్గ భాగం ఇలా ఫోటోలూ సంతకాలూ చిన్నవి చేయడం వల్లే వస్తుంది. కాబట్టి ఇక్కడ రాస్తున్నదంతా నా పొట్ట మీద నేనే కొట్టుకోవడం అని మా ఇంటావిడ అంటోంది. అననివ్వండి.

మా బాపుది ఫోటో స్టూడియో. ఇదే బజార్లో ముందు ఒక గది, వెనక చీకటి గది. ఆ గదిలో ఎర్ర బల్బు, హైపో వాసన, గొంతు పొడుగ్గా ఉన్న ఎన్‌లార్జర్. బాపు పనంతా పెద్దవి చేయడమే. బొటనవేలంత నెగటివ్‌లోంచి గోడకు తగిలించేంత బొమ్మ తీసేవాడు. జీతాల నాడు స్టూడియో కిటకిటలాడేది. సెకండ్ షిఫ్టుకు పోయే ముందు స్నానం చేసి, తల దువ్వుకుని, భార్యా పిల్లలతో వచ్చేవాళ్లు. బొగ్గు బాయి పని చేసే మనిషి ఇంట్లో పెద్ద ఫోటో ఒకటి ఉండాలనేది అప్పట్లో ఎవరూ పైకి అనని నియమం. ఎందుకో మాకందరికీ తెలుసు.

బాపు పోయాక స్టూడియో పోయింది, కంప్యూటర్ వచ్చింది. నా పని తలకిందులైంది. ఆయన పెద్దవి చేసేవాడు, నేను చిన్నవి చేస్తున్నాను. ఆ మాటకొస్తే ఊరు కూడా అంతే. 1920ల చివర్లో బొగ్గు తవ్వకం మొదలై పెరిగిన ఊరు ఇది. ఇప్పుడు ఊళ్లో ఉన్న పాత అండర్‌గ్రౌండ్ బాయిలన్నీ మూతపడ్డాయి. సింగరేణి కాగితాల్లో బెల్లంపల్లి ఏరియా అని పేరైతే ఉంది, జనరల్ మేనేజర్ ఆఫీసు మాత్రం గోలేటిలో ఉంది.

బాయిలు మూతపడిన ఊళ్లో యువకులు ఏం చేస్తారు? దరఖాస్తులు చేస్తారు. బ్యాంకు ఉద్యోగాల పరీక్ష సంగతే చూడండి. ఐబీపీఎస్ వాళ్లకు ఫోటో రెండు వందల చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, రెండు వందల ముప్పై చుక్కల ఎత్తు ఉండాలి, ఇరవై నుంచి యాభై కేబీ లోపల. సంతకం పది నుంచి ఇరవై కేబీ. ఎడమ బొటనవేలి ముద్ర ఇరవై నుంచి యాభై. చేతిరాతతో ఇచ్చే ప్రకటన యాభై నుంచి వంద. ఒకే మనిషికి నాలుగు ముక్కలు, ఒక్కో ముక్కకు ఒక్కో తూకం. ఇందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ సతాయించేది ఆ "నుంచి" అనే మాట. ఎక్కువైతే వద్దనడానికి ఏదో కారణం ఉండొచ్చు. తక్కువైనా వద్దంటారు! తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో చక్కగా చేసిన సంతకం చాలాసార్లు ఏడు కేబీయే వస్తుంది. అప్పుడు దానికి బరువు పెంచాలి. కిలో కోడికి నీళ్లు పట్టించినట్టు, ఖాళీ తెలుపుని నాణ్యత పెంచి మళ్లీ సేవ్ చేస్తాను. సంతకం ఏమీ మారదు. కేబీలు మారతాయి. వెబ్‌సైట్ సంతోషిస్తుంది.

అధికారుల వైపు నుంచి కూడా ఒక లెక్క వేసి చూశాను, అన్యాయంగా మాట్లాడకూడదని. 2023లో మన తెలంగాణ గ్రూప్-4 పరీక్షకు తొమ్మిదిన్నర లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కొక్కరు నాలుగు ఎంబీల ఫోటో పంపారనుకుందాం. మొత్తం మూడు వేల ఎనిమిది వందల జీబీ అవుతుంది. అదే యాభై కేబీ అయితే నలభై ఎనిమిది జీబీ కూడా కాదు, నా జేబులో పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. కాబట్టి చిన్నవి చేయాలన్న మాటలో తప్పేమీ లేదు. చివరి తేదీ రాత్రి లక్ష మంది ఒకేసారి మీదపడ్డప్పుడు చిన్న ఫోటోలే ఆ సైటును నిలబెడతాయి. ఫోటో చిన్నది కావాలి, ఒప్పుకుంటాను. ఎవరు చేయాలన్నదే నా పేచీ.

వాట్సాప్ ఎప్పుడైనా మిమ్మల్ని కేబీలు అడిగిందా? మీ మరదలి పెళ్లి ఫోటో పంపుతారు, అది మీ ఫోన్‌లోంచి బయలుదేరే ముందే చడీచప్పుడు లేకుండా చిన్నదైపోతుంది. పొడవు వైపు పదహారు వందల చుక్కలకు అటూఇటూ తగ్గించి పంపిస్తుంది. మీకు చెప్పదు, ముప్పై రూపాయలు అడగదు, ఎర్ర అక్షరాలు చూపించదు. అదే పని దరఖాస్తు పేజీ కూడా చేయగలదు. ఫోటో ఎంచుకోగానే మీ ఫోన్‌లోని బ్రౌజరే దాన్ని కావలసిన కొలతకు తెచ్చి పంపే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. కుర్ర ప్రోగ్రామర్‌కు ఒక పూట పని. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2024లో కొత్త సైటు తెచ్చి, ఫోటో ఎక్కించడం మానిపించి, కెమెరా ముందు అక్కడికక్కడే ఫోటో తీయించే పద్ధతి పెట్టింది. కేబీల గొడవ పోయింది కదా అని నేను సంబరపడ్డాను. సంతకానికి మాత్రం పది నుంచి ఇరవై కేబీ నియమం అలాగే ఉంచారు. అంటే మొఖాన్ని సరిచేసుకోగల యంత్రం సంతకం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసిందా?

పోనీ, ముప్పై రూపాయలదేముంది అనుకోవచ్చు. ముప్పై రూపాయలు లేనివాళ్లు, లేదా ఆ రాత్రి తెరిచి ఉన్న షాపు దొరకని వాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. గూగుల్‌లో ఫోటో సైజు తగ్గించాలి అని కొడతారు. వంద సైట్లు వస్తాయి. మొదటి దాంట్లో ఫోటో పెడతారు. ఫోటోతో ఆగరు. ఆధార్ కార్డు రెండు వైపులా, కుల ధ్రువపత్రం, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, అన్నీ అందులోనే చిన్నవి చేసుకుంటారు. ఆ సైటు ఎవరిది, ఏ దేశంలో ఉంది, ఆ కాగితాలు అక్కడ ఎంతకాలం ఉంటాయి అని అడిగేవాడు లేడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అంత గట్టిగా చెప్పే ప్రభుత్వాలు, తమ కేబీల నియమమే పిల్లల్ని ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంటికి కాగితాలు పట్టుకుని పంపుతోందని గమనించాయా అని నా అనుమానం. ఫోటో చిన్నది చేయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు కూడా. విండోస్‌లోని పాత పెయింట్ చాలు.

ఇప్పుడు తిరగేసి చూడండి. మమ్మల్ని యాభై కేబీ అడిగే ఒక ప్రభుత్వ సైటులోనే, మొదటి పేజీలో పెద్దవాళ్ల ఫోటో ఒకటి ఉండేది. తెర మీద అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. పేజీ ఎందుకింత నెమ్మదిగా తెరుచుకుంటోందని విసిగి ఒకరోజు దాన్ని దించి తూచాను. నాలుగున్నర ఎంబీ! ఫ్లెక్సీకి పంపాల్సిన ఫోటోను అలాగే తెచ్చి తగిలించారు. ఆ పేజీ తెరిచిన ప్రతి మనిషీ, సిగ్నల్ రెండు గీతలున్న ఊళ్లో కూర్చుని, ఆ నాలుగున్నర ఎంబీని మోయాలి. దరఖాస్తు పెట్టేవాడు ఒక్కసారి ఎక్కించే ఫోటోకు తూకం ఉంది, లక్షల మంది దించుకునే ఫోటోకు తూకం లేదు.

మా ఊరి వాట్సాప్ గ్రూపులనూ వదలను. నీళ్లు రావని, కరెంటు పోతుందని, వైద్య శిబిరం ఉందని వచ్చే నోటీసులన్నీ ఫోటోలే. డీటీపీ సెంటర్‌లో టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, దాన్ని టేబుల్ మీద పెట్టి ఫోన్‌తో ఫోటో తీస్తారు, మూలన బొటనవేలు కూడా పడుతుంది, అది గ్రూపులో పెడతారు. ఎందుకిలా అంటే, డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్లు. ఆ అక్షరాలు వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఆ బాధ లేదు. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. పదిహేను వందల గుర్తులున్న నోటీసు నాలుగున్నర కేబీ. అదే ఫోటో తీసి పంపితే వందల కేబీ. పైగా చూపు లేనివాళ్ల ఫోన్ అక్షరాలనైతే చదివి వినిపిస్తుంది, బొమ్మను అంత సులువుగా వినిపించలేదు. బొమ్మ సైజు తగ్గించడానికి అన్నిటికంటే మంచి ఉపాయం, అవసరం లేనిచోట బొమ్మే పెట్టకపోవడం.

ఇంతవరకూ వేరేవాళ్ల మీద చెప్పాను. నా మీద చెప్పుకోవలసింది ఒకటుంది.

ఒక అక్క వచ్చింది. భర్త పోయి నెల కాలేదు. కాగితాల పని కోసం ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో కావాలన్నారు. ఎవరిదో పెళ్లిలో తీసింది ఒక్కటే ఉంది, ఆమె ఫోన్‌లో. నేను దాన్ని కత్తిరించి, అడిగిన కొలతకు తెచ్చి, ముప్పై ఐదు కేబీ చేసి దరఖాస్తులో ఎక్కించాను. ఆ చిన్న ఫోటో ఆమె ఫోన్‌లో కూడా వేద్దామంటే జాగా లేదంది ఫోన్. నిండిపోయి ఉంది. తెలివిగా ఆలోచించాననుకుని, పెద్ద ఫోటో తీసేసి చిన్నది ఉంచాను. నా కంప్యూటర్‌లోది సాయంత్రానికి, రోజూ చేసే అలవాటు కొద్దీ, చెరిపేశాను.

మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. "తమ్మీ, మీ బాపు చేసినట్టు గోడకు పెట్టే ఫోటో చేసియ్యవా? దండెయ్యాలె." ఫోన్ తెరిచి చూపించింది.

రెండు వందల చుక్కల వెడల్పున్న ఫోటో. మంచి ప్రింటు రావాలంటే అంగుళానికి మూడు వందల చుక్కలు కావాలి. అంటే ముప్పావు అంగుళం కూడా రాదు. పన్నెండు అంగుళాలకు సాగదీసి చూశాను. తెర మీద ఆయన మొఖం గళ్లు గళ్లుగా విడిపోయింది. కళ్లుండాల్సిన చోట రెండు నల్ల చతురస్రాలు. నేను తెర అటు తిప్పేసుకున్నాను, ఆమె చూడకుండా.

ఫోటో బరువు తగ్గించినప్పుడు అందులోంచి ఏం పోతుందో అప్పటికి నాకు తెలియదు. తర్వాత కూర్చుని చదివాను. జేపెగ్ అనే పద్ధతి ఫోటోను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో నిదానంగా మారే వెలుగునీడలెంత, గబగబా మారే సన్న గీతలెంత అని విడదీసి లెక్క తీస్తుంది. మన కన్ను మొదటివాటిని బాగా పట్టుకుంటుంది, రెండోవాటిని అంతగా పట్టించుకోదు. రంగు తేడా కంటే వెలుగు తేడా మనకు ముందు తెలుస్తుంది. కాబట్టి కన్ను వెతకని దాన్ని పారేసి, వెతికేదాన్ని దాచుతుంది. బొగ్గులోంచి బండ ఏరేసినట్టు. బండ ఏరినంతవరకూ బాగానే ఉంటుంది. ఇంకా తగ్గించు, ఇంకా తగ్గించు అంటే బండ అయిపోయి బొగ్గే పోతుంది. అప్పుడు గడికీ గడికీ మధ్య అతుకులు బయటపడతాయి. చిన్నది చేసిన ఫోటోను మళ్లీ తెరిచి మళ్లీ సేవ్ చేస్తే మరికొంత పోతుంది. పోయింది తిరిగి రాదు.

ఈ లెక్క వెనక ఉన్న మనుషుల గురించి చదివి ఇంకా ఆశ్చర్యపోయాను. 1974 జనవరిలో ముగ్గురు కలిసి అమెరికా ఇంజినీర్ల పత్రికలో నాలుగు పేజీల వ్యాసం అచ్చేశారు. ఒకరు బెంగళూరులో పుట్టి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నాసిర్ అహ్మద్. ఇంకొకరు ఆయన దగ్గర పరిశోధన చేసిన నటరాజన్. మూడో ఆయన టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో పనిచేసిన కె.ఆర్. రావు, పూర్తి పేరు కామిశెట్టి రామమోహన్ రావు. ఇంటిపేరు చూస్తే మనవాడే అనిపించి నాకు ఛాతీ ఉబ్బింది. అహ్మద్ ఈ ఆలోచన మీద పని చేయడానికి 1972లో అక్కడి సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగితే, మరీ తేలిక ఆలోచన అని తిప్పి పంపారట. 1992లో జేపెగ్ ప్రమాణంగా వచ్చినప్పుడు దాని గుండెకాయ ఆ తేలిక ఆలోచనే. పెద్దయ్య ఫోటోలాంటిది తిప్పి పంపినప్పుడల్లా నాకు ఆ తిప్పి పంపిన దరఖాస్తు గుర్తొస్తుంది.

అక్క ఫోటో సంగతి చెప్పాలి కదా. పది రోజులు తిరిగాం. ఆ పెళ్లికి వచ్చిన వాళ్లందరి ఫోన్లూ అడిగాం. చివరికి గోలేటిలో ఉండే ఆమె ఆడబిడ్డ కొడుకు ఫోన్‌లో, ఎప్పుడో వాట్సాప్‌లో వెళ్లిన కాపీ ఒకటి దొరికింది. పొడవు పదహారు వందల చుక్కలు, నూట ఎనభై కేబీ. అంగుళానికి నూట అరవై చుక్కల లెక్కన పదంగుళాల ఎత్తు ప్రింటు వచ్చింది. కోటు అంచులు కాస్త మెత్తబడ్డాయి, మొఖం మాత్రం మొఖంలాగే ఉంది. వాట్సాప్ చేసిందీ చిన్నది చేయడమే, నేను చేసిందీ చిన్నది చేయడమే.

అప్పటి నుంచి నా షాపులో పద్ధతి మార్చాను. ముందు కాపీ తీస్తాను, చెయ్యి పెట్టేది కాపీ మీదే. అసలుది ఎవరి ఫోన్‌లోనూ చెరపను. ఫోన్‌లో జాగా లేకపోతే వీడియోలు చెరుపుకోమంటాను. నాణ్యత మీటను కిందికి లాగే ముందు కొలత తగ్గిస్తాను. నాలుగు వేల చుక్కల వెడల్పు, మూడు వేల ఎత్తు ఉన్న ఫోటోను పన్నెండు వందలూ తొమ్మిది వందలూ చేస్తే చుక్కలు పదో వంతుకు పడిపోతాయి, ఫోన్ తెర మీద తేడా ఎవరూ కనిపెట్టరు. వాట్సాప్ గ్రూపులకూ, ఫేస్‌బుక్‌కూ అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ప్రింటుకు ఇచ్చేదైతే మాత్రం ముట్టుకోను, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమంటాను, అలాగైతే అది కోత కోయదు. ఆ దారిలో ఫోటో తీసిన చోటు వివరం కూడా వెంట వెళ్లొచ్చు కాబట్టి, తెలియని వాళ్లకు ఇంటి దగ్గర తీసిన ఫోటోలు అలా పంపొద్దని ఆడపిల్లలకు చెబుతుంటాను. అమెరికా అల్లుళ్లు ఐఫోన్‌తో తీసి పంపేవి వేరే రకం. 2017 తర్వాత వాళ్ల ఫోన్లు ఫోటోను జేపెగ్‌లో కాకుండా హెచ్ఈఐసీ అనే దాంట్లో దాచుతున్నాయి. సైజు తక్కువే, కానీ మన దరఖాస్తు పేజీలు చాలావరకు దాన్ని గుర్తే పట్టవు.

ఇవన్నీ నేను నేర్చుకోవడం నా బతుకుతెరువు. పెద్దయ్య ఎందుకు నేర్చుకోవాలి? దరఖాస్తు తీసుకునే ప్రతి ఆఫీసూ ఒక్క మాట పెట్టుకుంటే చాలు: మీ దగ్గర ఏ ఫోటో ఉంటే అది ఇవ్వండి, మాకు కావలసినంత మేం చేసుకుంటాం. తెలంగాణ ప్రభుత్వం, సింగరేణి, పింఛను ఆఫీసులు, పరీక్షలు పెట్టే బోర్డులు, ఎవరు ముందు మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. అప్పుడు నా షాపు ముందున్న "ఫోటో, సంతకం కేబీ తగ్గించబడును" అన్న బోర్డు తీసేస్తాను. బాపు ఎన్‌లార్జర్ ఇంకా టేబుల్ కింద గోనెసంచిలో ఉంది, లెన్స్‌కు బూజు పట్టింది కానీ బల్బు వెలుగుతుంది.

ఇక ఉంటాను. ఈ రోజు ఏదో పరీక్షకు చివరి తేదీ, బయట ఐదుగురు నిలబడ్డారు. ముందున్న అమ్మాయి సంతకం తొమ్మిది కేబీ వచ్చింది. పది చేయాలి.